కాజీపేటలో కూర్చుని ఇంగ్లండ్ పల్లెటూరి రికార్డులు వెతికిన మూడు నెలలు: పెట్టిన పైసలకు గిట్టుబాటేనా?

వెబ్‌సైట్ పేరు రాయను. చివర్లో కొంచెం తిట్టేది ఉంది, పైగా ఇట్లాంటివి మూడు నాలుగు ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే సరుకు అమ్ముతాయి. ఇంగ్లండ్‌లో ఊరూరా చర్చిల్లో రాసిపెట్టిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావుల పుస్తకాలు, పాత జనాభా లెక్కల కాగితాలు, వాటి ఫొటోలు. నెలకు ఇంత అని కడితే చూడనిస్తారు. నేను మూడు నెలలకు కట్టాను. ఇష్టపడి కట్టింది ఒక నెల, తెలియక కట్టింది రెండు నెలలు.

నేను కాజీపేటలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతా. పహానీ (భూమి రికార్డు) నకళ్ళు, కుల ధ్రువీకరణ దరఖాస్తులు, రైలు టికెట్లు, ఇదే పని. ఇంగ్లండ్ పల్లెతో నాకేం సంబంధం అంటే, మా గల్లీలో మిస్ ఉన్నారు. ఎనభై దాటిన ఆంగ్లో ఇండియన్ ఆవిడ, జీవితమంతా పిల్లలకు ఇంగ్లీషు చెప్పారు, మా వయసు వాళ్ళలో సగం మందికి ఆవిడ పేరే తెలియదు, మిస్ అంటే మిస్సే. నాన్న రైల్వే, తాత రైల్వే, ముత్తాత రైల్వే. తెలుగు ఎంత గట్టిగా మాట్లాడతారంటే కూరగాయల బండి దగ్గర ఆవిడ బేరం మొదలుపెడితే మేం ఆగి వింటాం. పోయిన చలికాలం ఒక బిస్కెట్ డబ్బా పట్టుకుని షాపుకు వచ్చారు. డబ్బాలో పాత ఫొటోలు, ఒక పెళ్ళి కాగితం నకలు. 1878, సికింద్రాబాద్. పెళ్ళికొడుకు, అంటే మిస్ వాళ్ళ పూర్వీకుడు, నిజాం రైల్వేలో ఫైర్‌మన్ (ఇంజన్‌లో బొగ్గేసే పని), వయసు 27. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా లైను పడింది 1874లో, అంటే ఆయన దాదాపు మొదటి బ్యాచ్. కాగితంలో తండ్రి పేరు ఉంది, సొంతూరు మాత్రం లేదు. ఇంట్లో చెప్పుకునేది ఒకటే మాట, ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ వైపు, సీసం గనుల దగ్గర అని.

"ఈయనది ఏ ఊరో కనుక్కో బాబూ, నేను పోయేలోపు" అన్నారు. అట్లా అంటే ఎవరు కాదంటారు.

ఇక అసలు రివ్యూ. పద్నాలుగు రోజులు ఉచితం అని కార్డు నంబరు అడిగారు, ఇచ్చాను. మొదటి రాత్రే దొరికింది, అదృష్టం. 1861 జనాభా లెక్కల్లో పదేళ్ళ పిల్లాడు, వృత్తి దగ్గర "స్కాలర్" అని ఉంది. బడికి పోయే పిల్లలందరికీ అట్లాగే రాసేవాళ్ళట, మిస్ మాత్రం రెండు నిమిషాలు మురిసిపోయారు. తండ్రి సీసం గని కూలీ. తండ్రి పేరు పెళ్ళి కాగితంతో సరిపోయింది, అది అంత మామూలు పేరు కాదు కాబట్టి ధైర్యంగా పట్టుకున్నాం. పుట్టిన ఊరు గడిలో అయిదు అక్షరాల్లోపు ఏదో ఉంది. నేను "ఎయామ్" అని చదివాను, వారం రోజులు అట్లాగే పిలిచాను. దాన్ని "ఈమ్" అనాలట. గూగుల్‌లో ఊరి పేరు కొట్టగానే కంప్యూటర్ నిండా ప్లేగు, ప్లేగు, ప్లేగు. ఆ సంగతికి తర్వాత వస్తా.

జనాభా లెక్కల గురించి ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే కట్టిన డబ్బులో సగం విలువ అక్కడే ఉంది. 1841 నుంచి పేరుపేరునా ఉన్నాయి, వందేళ్ళు దాటినవన్నీ జనానికి తెరిచేశారు, 1921వి 2022లో బయటపెట్టారు. 1931వి యుద్ధ కాలంలో నిప్పంటుకుని కాలిపోయాయి, 1941లో అసలు లెక్కే తీయలేదు. 1841 దాన్ని నమ్మి వయసులు లెక్కెయ్యకండి, పదిహేనేళ్ళు దాటిన వాళ్ళ వయసుని అయిదుల్లోకి తగ్గించి రాశారు, 34 ఏళ్ళాయన 30 అయిపోతాడు. నాకు ఇది తెలియక మూడు రోజులు తప్పు మనిషి వెనక పడ్డాను. 1851 నుంచి పుట్టిన పారిష్ పేరు కూడా రాశారు, అందుకే ఊరు దొరికింది. మన దగ్గర 1881 నుంచీ లెక్కలు తీస్తున్నారు గానీ ఇంటింటికి తిరిగి రాసుకున్న కాగితం ఎవరికీ చూపించరు, 1948 చట్టంలోనే ఆ మాట ఉంది. మా ముత్తాత పేరు ఏదో ఒక లెక్కలో రాసే ఉంటారు. రాసినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

పారిష్ అంటే ఏంటో అర్థం చేసుకోకుండా ఈ సైట్‌లో దిగితే గడ్డివాములో సూది వెతికినట్టే. నేను మొదట చర్చి అనుకున్నా. కాదు, మన రెవెన్యూ గ్రామం లాంటిది. ఒక చర్చి, దాని కింద ఊరు, ఊరి శివారు పల్లెలు, అన్నిటికీ కలిపి ఒక హద్దు. ఈమ్ పారిష్‌లో ఈమ్‌తో పాటు ఫూలో అనే పల్లె, ఈమ్ వుడ్‌లాండ్స్ అనే ఇంకో భాగం ఉండేవి. పుట్టింది ఈమ్ అని రాసి ఉన్నా ఇల్లు ఫూలోలో ఉండొచ్చు, మన దగ్గర తండాలో పుట్టినోడి సర్టిఫికెట్‌లో పెద్ద ఊరి పేరు పడ్డట్టు. పైగా పారిష్ అంటే ప్రార్థన ఒక్కటే కాదు. 1601 చట్టం ప్రకారం ఊళ్ళో దిక్కులేని వాళ్ళను పోషించే బాధ్యత పారిష్‌దే, దానికి ఊళ్ళోవాళ్ళ దగ్గరే పన్ను వసూలు చేసేవాళ్ళు. 1662లో ఇంకో చట్టం, ఎవరు ఏ పారిష్‌కు చెందినవాళ్ళో తేల్చడానికి. పరాయి ఊరివాడు వచ్చి బీదవాడైతే వాడి పారిష్‌కు తిరిగి పంపించేయడమే. పెళ్ళికాని గర్భిణి కనిపిస్తే కాన్పు తమ హద్దులో కాకుండా పక్క పారిష్‌లోకి నెట్టేసేవాళ్ళు, పుట్టిన బిడ్డ తమ ఖర్చు కింద పడకూడదని. ఇది చదివినప్పుడు మిస్ "రేషన్ కార్డు ఏ ఊర్లో ఉంటే ఆ ఊర్లోనే బియ్యం, అంతేగా" అన్నారు. అంతే.

రిజిస్టర్ల సంగతి. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర పనిచేసే థామస్ క్రామ్‌వెల్ హుకుం జారీ చేశాడు, ప్రతి పారిష్‌లో పుస్తకం పెట్టి వారం వారం బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రాయాలని. మొదట్లో ఏ చిత్తు కాగితం మీదో రాశారు, 1598లో మళ్ళీ ఆర్డర్ వచ్చింది, తోలు కాగితం మీద ఎక్కించండి, ఏటేటా ఒక నకలు బిషప్‌కు పంపండి అని. ఆ నకళ్ళు ఎందుకు మేలంటే, అసలు పుస్తకం ఎలుకలు కొట్టినా, తడిసినా, నకలు వేరే చోట బతికి ఉంటుంది. 1640, 1650ల్లో అంతర్యుద్ధం, చాలా ఊళ్ళలో ఆ ఏళ్ళు ఖాళీ. 1754 నుంచి పెళ్ళిళ్ళకు విడిగా రిజిస్టరు, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు సంతకం. 1813 నుంచి అచ్చేసిన ఫారాలు, తండ్రి పని ఏంటో కూడా రాయాలి. 1837 జూలై నుంచి సర్కారు రిజిస్ట్రేషన్.

అంటే 1813కి ఇవతల తేలిక, అవతల యాతన. అవతలి ఫొటోల్లో "ఫలానా వాడి కొడుకు ఫలానా" అంతే ఉంటుంది, తల్లి పేరు ఒకచోట ఉంటుంది ఒకచోట ఉండదు, కొన్ని లాటిన్‌లో. చేతిరాత చూస్తే మా ఊరి పాత పట్వారీ గారి దస్తూరీ నయం అనిపించింది. అయినా సరే, నాకు ఈ మొత్తం పనిలో బాగా నచ్చింది 1846 నాటి ఒక పెళ్ళి పేజీ. ఫైర్‌మన్ గారి అమ్మానాన్నలది. తల్లి సంతకం పెట్టింది, ముద్దుముద్దుగా, అక్షరాలు ఒకదానికొకటి తగలకుండా. తండ్రి గీసింది అడ్డగీత నిలువుగీత, నిశాని. పక్కన పాస్టర్ "ఇది ఇతని గుర్తు" అని రాశాడు. మిస్ ఆ గుర్తు మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచారు, స్క్రీన్ మీద మరక పడింది, తుడవలేదు నేను.

ఇక తిట్లు. ఈ సైట్లు అమ్మేది నిజానికి ఫొటో కాదు, ఇండెక్స్. అంటే ఆ గజిబిజి రాతను ఎవరో చదివి టైపు చేసిన జాబితా. పేరు కొడితే ఆ జాబితాలో వెతుకుతుంది. చదివిన మనిషికి ఆ ఊరి ఇంటిపేర్లు తెలియకపోతే ఏమవుతుంది? మన పాత ఓటరు లిస్టులో పేర్లకు అయిన గతే. మిస్ వాళ్ళ ఇంటిపేరు (రాయొద్దన్నారు, రాయట్లేదు) మొదటి అక్షరాన్ని రెండుచోట్ల ఎఫ్ బదులు టీ అని చదివారు. ఇద్దరు తమ్ముళ్ళు లేకుండా పోయారు. నేను విసిగిపోయి, ఇంటిపేరు వదిలేసి, పారిష్ పేరూ తండ్రి మొదటి పేరూ మాత్రం పెట్టి వెతికితే ఒకడు దొరికాడు. ఇంకొకడు అప్పటికీ లేడు. గని కూలీల్లో చాలామంది మెథడిస్టులు, అంటే వేరే శాఖ క్రైస్తవులు, వాళ్ళ చాపెల్‌కు (ప్రార్థన మందిరానికి) పుస్తకం వేరు, పారిష్ చర్చి పుస్తకంలో ఎంత వెతికినా దొరకడు. ఆ చాపెల్ పుస్తకం ఈ సైట్‌లో లేదు. వాడి పేరు జనాభా లెక్కల్లో ఉంది, ఇంకెక్కడా లేదు.

కొత్తగా చేరేవాళ్ళకు నా సలహా, వెతుకు పెట్టెను నమ్ముకోకండి, ఆ ఊరి రిజిస్టరు తెరిచి పేజీ తర్వాత పేజీ తిప్పండి. చిన్న ఊరు, ఏడాదికి రెండు మూడు పేజీలు, రెండు రాత్రులు కూర్చుంటే వందేళ్ళు చూసేయొచ్చు. అట్లా తిప్పుతుంటేనే ఊరు తెలుస్తుంది. ఏ ఏడాది పిల్లలు ఎక్కువ పోయారు, ఏ ఇంటిపేర్లు వచ్చాయి, ఏవి మాయమయ్యాయి. మిస్ వాళ్ళ ఇంటిలోనే తండ్రి గని పనివాడు, చెల్లెలు నేతపని, బాబాయి చెప్పులు కుట్టే పని. సీసం తగ్గిపోయాక గనిపనివాళ్ళు ఎటో ఒకవైపు పోవాలి కదా, మనవాడు రైలెక్కాడు.

ఇప్పుడు ప్లేగు సంగతి. మీలో కొందరు కరోనా అప్పుడు విని ఉంటారు. 1665లో లండన్‌లో ప్లేగు. లండన్ నుంచి ఈమ్‌లో ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది, అందులో ఎలుకల మీద ఉండి ఎగిరి దూకే చిన్న పురుగులు, ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. తడిసిన బట్టని ఆరబెట్టిన జార్జ్ వికర్స్ అనే పనివాడు మొదట పోయాడు, సెప్టెంబర్ 7 నాటి ఖననం. చలికాలం కాస్త తగ్గి, ఎండాకాలం మళ్ళీ లేచింది. 1666 జూన్‌లో విలియం మాంపెసన్ అనే కొత్త పాస్టరూ, అంతకుముందు అక్కడే పాస్టరుగా చేసి తీసేయబడ్డ థామస్ స్టాన్లీ కలిసి ఊరిని ఒప్పించారు, ఎవరూ హద్దు దాటొద్దు, చచ్చినా ఇక్కడే అని. చర్చి మూసి, కుక్లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట దూరం దూరం నిలబడి ప్రార్థన. చచ్చినవాళ్ళను ఎవరి ఇంటివాళ్ళు వాళ్ళే పెరట్లోనో చేనులోనో పూడ్చుకోవాలి. బయటి ఊళ్ళవాళ్ళు తిండి తెచ్చి హద్దు రాయి దగ్గర పెట్టి పోయేవాళ్ళు, రాయిలో గుంటలు, గుంటల్లో వెనిగర్, అందులో పైసలు. డెవన్‌షైర్ ఎర్ల్ అనే ప్రభువు కూడా సరుకులు పంపాడు. ఆగస్టు అన్నిటికంటే ఘోరం. ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో మొగుణ్ణీ ఆరుగురు పిల్లల్నీ ఒక్కతే పూడ్చింది. మాంపెసన్ భార్య కేథరీన్ కూడా ఆ నెలలోనే పోయింది. నవంబర్ 1న చివరి చావు. మొత్తం 260 మంది అని లెక్క చెప్తారు. ఊళ్ళో అసలు ఎంతమంది ఉండేవాళ్ళో దాని మీద ఇప్పటికీ చరిత్రకారులకు పడదు.

మా అవ్వ గత్తర (కలరా) కథలు చెప్పేది, ఊరు ఊరంతా ఇళ్ళకు తాళాలేసి చేనుల్లో గుడిసెలు వేసుకునేదట. 2020లో మన ఊళ్ళు ఏం చేశాయో మీకూ తెలుసు, రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంప, దాని వెనక ట్రాక్టర్, బయటివాడు రావొద్దు. ఈమ్ వేసింది తిరగేసిన కంప, లోపలివాడు పోవొద్దు. చాలా గొప్ప సంగతే, కాదనను. కాకపోతే పాస్టర్ గారు తన పిల్లలిద్దరినీ కట్టడి పెట్టకముందే బయటికి పంపించేశాడు, ఆ ముక్క కథలో కొంచెం మెల్లగా చెప్తారు.

సైట్‌లో అసలు గొడవ ఇక్కడ మొదలైంది. మీరు నాలుగు పేర్లు ఎక్కించగానే అది ఆకు బొమ్మ చూపించి "మీ పూర్వీకులు కావచ్చు" అని సూచనలు ఇస్తుంది. వేరే సభ్యులు కట్టుకున్న వంశవృక్షాలు అవి. ఒకటి నొక్కాను. మిస్ వాళ్ళ కుటుంబం గబగబా వెనక్కి పోయి పోయి 1666 ప్లేగులో బతికి బయటపడ్డ ఒక పసివాడి దగ్గర ఆగింది. అదే ఇంటిపేరు. మిస్‌కు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. రెండు రోజులు ఆవిడ కాళ్ళు నేల మీద లేవు, చర్చిలో చెప్పారు, పెన్షన్ ఆఫీసులో చెప్పారు, పాలబ్బాయికి కూడా చెప్పారు.

మూడో రోజు నేను ఆ చెట్టు పెట్టిన మనిషి లెక్క చూశాను. ఒకే తండ్రికి ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ ఒకే పేరు. ఒకడి బాప్తిస్మం 1665 ఫిబ్రవరి, ఇంకొకడిది 1666 ఫిబ్రవరి. ఆగస్టు 1666లో ఆ పేరుతో ఒక ఖననం. కాబట్టి పెద్దవాడు పోయాడు, చిన్నవాడు బతికాడు, వాడే మన మూలపురుషుడు అని ఆయన వాదన. కానీ పెద్దవాడు బతికి ఉండగానే తమ్ముడికి అదే పేరు ఎవరు పెడతారు? నాకు మింగుడు పడలేదు. ఫొటో తెరిచాను. పేజీలో ఒక్కటే ఎంట్రీ. ఒక్కడే పిల్లాడు. వరస చూస్తే 1665 నవంబర్, డిసెంబర్, తర్వాత జనవరి, ఫిబ్రవరి కూడా 1665 కిందనే ఉన్నాయి, 1666 అనే హెడ్డింగు మార్చి చివర్లో వచ్చింది. ముందు రాసినాయనకు మతిపోయిందేమో అనుకున్నా.

షాపులో ప్రింటు తీసి మిస్‌కు చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పైకి జరిపి "హెడ్డింగు ఏ తారీఖున వచ్చింది" అన్నారు. 25 మార్చి తర్వాత అన్నాను. "మంగళవార్త పండుగ కదా అది, మరియమ్మకు దేవదూత కబురు చెప్పిన రోజు. వీళ్ళకు కొత్త ఏడాది అప్పుడు మొదలయ్యేదేమో" అన్నారు. చూస్తే నిజంగా అంతే! ఇంగ్లండ్‌లో 1751 దాకా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, జనవరి ఒకటికి మార్చింది 1752లో, అదే ఏడాది సెప్టెంబర్‌లో పదకొండు రోజులు లెక్కలోంచి ఎగరగొట్టారు కూడా. మనకు ఉగాది దాకా పాత సంవత్సరం పేరే నడిచినట్టు, వాళ్ళ ఫిబ్రవరి 1665 అంటే మన లెక్కలో ఫిబ్రవరి 1666. ఒక ఇండెక్స్‌లో ఉన్నది ఉన్నట్టు 1665 అని టైపు చేశారు, ఇంకో ఇండెక్స్‌లో సరిచేసి 1666 అన్నారు, సైట్ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఇద్దరు పిల్లల్ని పుట్టించింది. ఉన్న ఒక్కడూ ఆరు నెలలకే ఆగస్టులో పోయాడు. వాడికి పిల్లలెక్కడివి, మనవళ్ళెక్కడివి. ఆ చెట్టును ఇంకో పదిమందికి పైగా కాపీ కొట్టుకున్నారు, వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా ఆ పసివాడే మూలపురుషుడు.

మిస్ ఏం మాట్లాడలేదు కాసేపు. "అయితే మనవాడు కాడన్నమాట" అన్నారు. ఆ ఆదివారం ఫాతిమా మాత గుడిలో వాడి పేరున కొవ్వొత్తి వెలిగించి వచ్చారని మా ఆవిడ చెప్పింది.

నిజంగా ఎంతవరకు పోగలిగాం అంటే 1740ల్లో ఒక పెళ్ళి దాకా. దానికి వెనక ఒకే పేరున్న మనుషులు ఇద్దరున్నారు, ఎవరు మనవాడో తేల్చే కాగితం లేదు, ఆపేశాం. సూచనలు నొక్కుతూ పోతే ఆదాము దాకా తీసుకుపోతుంది, అడ్డు చెప్పేవాడు ఉండడు. మా వైపు వంశరాజ్ వాళ్ళు, పిచ్చకుంట్ల అని పాత పేరు, ఇంటి ముందు నిలబడి గోత్రం, ఇంటిపేరు, తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పేవాళ్ళు, చిన్నప్పుడు విన్నాను. వాళ్ళు కూడా పొగుడుతూ ఒక మాట ఎక్కువ చెప్తే చెప్పేవాళ్ళేమో, కానీ తప్పు చెప్తే పక్కింటి ముసలాయన అక్కడే ఆపేవాడు. ఈ వెబ్‌సైట్‌లో ఆ ముసలాయన లేడు.

ఇదంతా చూశాక నాకూ ఉబలాటం పుట్టి మా వాళ్ళ కోసం వెతికాను, ఊరికే, షాపులో పని లేనప్పుడు. 1954-55 ఖాస్రా పహానీలో సాగుదారు గడిలో మా తాత పేరు, ఆయన తండ్రి పేరు, సర్వే నంబరు. అంతే. అవ్వ పేరు ఎక్కడా లేదు, భూమి ఆవిడ పేరున ఉంటే కదా. తాత ఎప్పుడు పుట్టాడంటే మా నాన్న చెప్పేది "గత్తర వచ్చిన ఏడాది". ఏ గత్తర అంటే దానికి జవాబు లేదు. మిస్ వాళ్ళ నిశాని పెట్టిన గని కూలీ అమ్మమ్మ పేరు కూడా నాకు తెలుసు, మా తాత పుట్టిన సంవత్సరం తెలియదు.

సైట్‌లో దొరకనివి కూడా చెప్పాలి, లేకపోతే ఊరి చరిత్ర అంతా దొరుకుతుందని ఆశపడతారు. పారిష్ పెట్టె అంటారు, చర్చిలో తాళాలేసిన చెక్కపెట్టె, అందులో బీదల ఖర్చుల లెక్కలు, ఎవరిని ఏ ఊరికి పంపించారన్న కాగితాలు, పన్నుల జాబితాలు ఉండేవి. వాటిలో చాలా భాగం ఇంకా ఫొటోలు తీయలేదు, జిల్లా రికార్డు ఆఫీసుల్లో ఉన్నాయి, డెర్బీషైర్‌కు అది మ్యాట్‌లాక్ అనే ఊళ్ళో. పంటలో పదో వంతు చర్చికి కట్టే పద్ధతిని 1836 చట్టంతో డబ్బులోకి మార్చినప్పుడు చాలా ఊళ్ళకు గీసిన పటాలున్నాయి, ప్రతి మడికీ నంబరు, యజమాని పేరు, దున్నేవాడి పేరు, మన టిప్పన్ (పొలం కొలతల పటం), సేత్వార్ (సర్వే నంబర్ల జాబితా) కలిపితే ఎట్లుంటుందో అట్లా. నేను కట్టిన ప్యాకేజీలో అవి లేవు, దానికి వేరే డబ్బు అన్నారు. పహానీల మధ్య బతికేవాణ్ణి, నాకు అన్నిటికంటే అవే చూడాలనిపించింది, పోనీలే అనుకున్నా.

డబ్బుల గొడవ. ఉచిత రోజులు అయిపోయాక నెలకు మన డబ్బుల్లో రెండు వేల దాకా కట్ అయింది, ఒక నెల చాలనుకున్నా. రద్దు చేసే బటన్ సెట్టింగుల లోపల, దాని లోపల, "మీరు పోతున్నందుకు బాధగా ఉంది" అనే పేజీ తర్వాత "సగం ధరకే ఇస్తాం" అనే పేజీ, ఆ తర్వాత ఎక్కడో ఉంది. నేను సగం ధర పేజీ చూసి రద్దయిందనుకుని మూసేశా. రెండు నెలలు కట్ అయ్యాక బ్యాంకు మెసేజ్ చదివాను. మెయిల్ పెడితే మర్యాదగా జవాబిచ్చారు, పైసా మాత్రం తిరిగివ్వలేదు. రోజూ నలుగురికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపి ఇచ్చేవాణ్ణి నేనే పడ్డానంటే మీరు చూసుకోండి.

అందుకే ఇట్లా చేయండి. ముందు పైసా పెట్టకుండా ఫ్యామిలీసెర్చ్‌లో వెతకండి, అకౌంటు ఉచితం. ఇంగ్లండ్ పారిష్‌లకు ఫ్రీరెగ్ ఉంది, స్వచ్ఛందంగా పనిచేసే వాళ్ళు టైపు చేసింది, వాళ్ళ చదువు డబ్బులు తీసుకునే సైట్ కంటే చాలాచోట్ల మేలు, ఊరివాళ్ళే చదివినట్టు ఉంటుంది. 1837 తర్వాతి పుట్టుక, పెళ్ళి, చావులకు ఫ్రీబీఎండీ. ఇక్కడి రైల్వే, మిలిటరీ కుటుంబాలకు ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికే సంఘం) వాళ్ళ ఉచిత జాబితా చూడండి, మద్రాస్, బొంబాయి, బెంగాల్ అని విడివిడిగా ఉంటాయి రికార్డులు, మన హైదరాబాద్ వైపు పెళ్ళి ఏ లెక్కలో పడిందో తెలియకపోతే మూడూ చూడాలి. ఇవన్నీ అయ్యాక, ఏ పారిష్, ఏ ఏళ్ళు అని కాగితం మీద రాసుకుని, అప్పుడు ఒక్క నెల కట్టి, కావలసిన పేజీలన్నీ డౌన్‌లోడ్ చేసుకుని బయటపడండి. కాజీపేట, లాలాగూడ, సౌత్ సెంట్రల్ రైల్వే కాలనీల్లో ఇట్లాంటి బిస్కెట్ డబ్బాలు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉంటాయి.

రేటింగ్ అడిగితే ఫొటోలకు అయిదుకు అయిదు, ఇండెక్స్‌కు రెండున్నర, సూచనల ఆకు బొమ్మకు సున్నా, రద్దు పద్ధతికి సున్నా కంటే తక్కువ ఉంటే అది. మొత్తం మీద మూడు ఇస్తా.

మిస్ మొన్న మళ్ళీ వచ్చారు. డబ్బాలో అడుగున ఇంకో కాగితం దొరికిందట, వాళ్ళ అమ్మ తరఫు వాళ్ళది, ఊరి పేరు ఉంది గానీ సగం చెదలు తిన్నది. ఇంకో నెల కట్టక తప్పేలా లేదు. ఈసారి ఫోన్‌లో అలారం పెట్టుకున్నా, ఇరవై అయిదో తారీఖుకు.